పొయ్యి ముందా, పొగగొట్టము ముందా?

మార్కాపురపు సీమలో పాత మిద్దెను బాగుచేయించుకొను గృహస్థుడు గుమ్మముల కర్రను గూర్చి నెలదినములు విచారించును. గోడల రంగును గూర్చి నలుగురి నడుగును. పొయ్యి మాట వచ్చుసరికి మాత్రము "ఎక్కడనో యొకచోట నాలుగు ఇటుకలు పెట్టించుకొనుడు" అని ఆడువారితో చెప్పి లేచిపోవును. ఆ నాలుగు ఇటుకల యెదుట ఏండ్లతరబడి కూర్చుండవలసినది మనము. కాబట్టి ఆ మాట మనమే ముందుగా ఎత్తుకొనుట మంచిది.

ఇప్పుడు గ్యాసు పొయ్యి యుండగా కట్టెలపొయ్యి యేల యని కొందరు సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మన రాష్ట్రమున 1999లో దీపము పథకము క్రిందను, 2016 మొదలు ఉజ్జ్వల పథకము క్రిందను పేదయిండ్లకు సైతము గ్యాసు వచ్చినది. ఎంత నేర్పుతో కట్టిన కట్టెలపొయ్యి యైనను, ఊపిరితిత్తుల మేలు విషయమున గ్యాసు పొయ్యికి సాటిరాదని మేము ముందే యొప్పుకొందుము. దినదినపు అన్నము, కూర గ్యాసుమీద వండుకొనగలవారు అట్లే వండుకొనవలెను. కాని పుల్లలచెరువులోగాని, యర్రగొండపాలెములోగాని, నల్లమల యంచున నున్న మఱి యే పల్లెలోగాని తెల్లవారుజామున ఒక్కమారు నడచి చూడుడు. గ్యాసు పొయ్యి యున్న యింటి పెరటిలోనే నీళ్ళకాగు క్రింద మంట కనబడును. పదిమంది స్నానములకు నీళ్ళు కాచుటకును, సంక్రాంతి యరిసెలకును, వేసవి వడియముల పిండి యుడికించుటకును సిలిండరు ఖర్చుపెట్టుటకు మనసొప్పదు. సిలిండరు అయిపోయి, చేతిలో డబ్బులేని వారమున దినపు వంట కూడ ఆ కట్టెల మీదికే వచ్చును. పొయ్యి యుండుట నిశ్చయమైనపుడు అది యెట్లుండవలెనను నదియే మనము విచారింపవలసినది.

పొగ వలన దోమలు రావనియు, మిద్దె దూలములకు పురుగు పట్టదనియు పెద్దలు చెప్పుదురు. దూలముల మాట నిజమే కావచ్చును. మనము దూలములము కాము. కట్టె పూర్తిగా కాలక మిగిలిన సరకే పొగ. వంటకు రావలసిన వేడిలో కొంత అట్లు మసియై, ఘాటైన వాయువులై మన ముక్కులోనికి పోవుచున్నది. ఇండ్లలోని పొయ్యిల పొగ కారణముగా 2020వ సంవత్సరమున లోకమంతటను 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క గట్టినది. వారిలో అయిదేండ్లు నిండని పసివారు 2 లక్షల 37 వేలకు మించియున్నారు. పెద్దలకు ఆయాసము, గుండెజబ్బు, కంటి శుక్లములు. గర్భిణులకు తక్కువ బరువు గల శిశువులు. చంటిబిడ్డలకు ఊపిరితిత్తుల వాపు. పొయ్యి యూదుటకు వంగిన తల్లియు, ఆమె చంకనున్న బిడ్డయు పీల్చునది ఒకే గాలి. బిడ్డ ఊపిరి మాత్రము చిన్నది, వడి గలది.

పొయ్యి కొనబోవువారు పొయ్యిని చూతురు. దాని రంగును, బరువును, ధరను అడుగుదురు. మా యభిప్రాయమున ముందుగా చూడవలసినది పొగ పోవు త్రోవను. ఆ త్రోవ కుదిరిన పిమ్మటనే దానికి తగిన పొయ్యిని. ఈ చిక్కు మన పల్లెలవారికే కలిగినది కాదు. గదులను వెచ్చచేసికొనుటకు గోడలో నిప్పుగూడు కట్టుకొను చలిదేశములవారు సైతము దీనితో చాలకాలము పెనగులాడిరి. తెరచియున్న గూటిలో ఎన్ని దుంగలు కాల్చినను వేడిలో అధికభాగము పొగతోపాటు పైకి పోవుచుండెను. అమెరికావాడైన బెంజమిన్ ఫ్రాంక్లిను ఆ గూటిలో అమర్చుటకు ఇనుప పొయ్యి యొకటి కల్పించి, 1744లో దానిని వివరించుచు ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. అంతటి బుద్ధిశాలి కల్పించిన దానికి సైతము వచ్చిన తంటా పొగతోడనే. అందులో పొగ మొదట క్రిందికి దిగి పిదప పైకెక్కవలసి యుండుటచే, మంట చల్లబడినపుడెల్ల గదిలోనికే మరలివచ్చెడిది. తరువాతివారు దానిని మార్చుకొనవలసివచ్చెను. నేడు ఆ దేశములలో పాత నిప్పుగూటిలో ఇనుప పెట్టె పొయ్యిని దూర్చుకొనువారు, పెట్టెను బేరమాడక పూర్వమే చిమ్నీని శుభ్రపరచి, పరీక్షింపజేసి, అవసరమైనచో లోపల క్రొత్త గొట్టము దింపించుకొందురు.

మన దేశమున కూడ ఈ ప్రయత్నము నిన్న మొన్నటిది కాదు. వార్ధాలోని మగన్‌వాడీ యందు అఖిలభారత గ్రామ పరిశ్రమల సంఘమువారు 1947 నాటికే మగన్ చూలా యను పొగలేని పొయ్యిని ప్రచారమునకు తెచ్చిరి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగగొట్టము గల మట్టిపొయ్యిని రూపొందించి, కోట్లమందికి పొగలేని వంటిండ్లు కావలెనను అర్థము వచ్చు పేరుతో 1953లో ఒక పుస్తకము వెలువరించిరి. మన తెలుగు నేలపై పుట్టిన ఆ పొయ్యి మన యిండ్లలో నిలువకపోవుట విచారింపదగినది. 1983లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన పొయ్యిల కార్యక్రమము 2002 వరకు సాగి, మూడుకోట్లకు మించిన పొయ్యిలను పంచినది. అవి యెన్నాళ్ళు నిలిచినవని పల్లెలలో అడిగినవారికి తల లూపుటయే సమాధానముగా లభించును.

ఏల నిలువలేదు? దీనికి ఒడిషాలో జరిగిన పరిశీలన యొకటి చక్కని జవాబు చెప్పినది. రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అను ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు గొట్టముగల మట్టిపొయ్యిలను కట్టించుకొన్న కుటుంబములను, కట్టించుకొననివారిని పోల్చుచు సుమారు 2,600 ఇండ్లను నాలుగేండ్లు గమనించి, తమ ఫలితములను 2016లో ప్రకటించిరి. మొదటి యేడు వంటచేయు స్త్రీలు పీల్చు పొగ తగ్గినది. తరువాత ఆ తగ్గుదల లేకపోయినది. కట్టెల ఖర్చు తగ్గలేదు. ఆరోగ్యమున భేదము కనబడలేదు. పొయ్యిలు పగిలినవి, గొట్టములు శుభ్రపరుపబడలేదు, వాడుక సన్నగిల్లినది. పరీక్షాలయమున గొప్పగా కాలిన పొయ్యి మన యింట కూడ అట్లే కాలవలెనన్న దానిని కనిపెట్టియుండు మనిషి యొకరు కావలెనన్నమాట.

ఈ సంగతి మేము పుస్తకములు చదువక పూర్వమే అనుభవముతో నేర్చుకొంటిమి. మా పెరటి వంటసాలలో ఒక తాపీపనివాడు రెండు కళ్ళ పొయ్యి కట్టి, గోడలోనుండి గొట్టము పెట్టిపోయెను. మూడు నెలలు గోడ తెల్లగానే యుండెను. మేమందరము మురిసిపోతిమి. గొట్టమునకు పైన టోపీ లేదని గాని, వంపు దగ్గర చేయిపెట్టి మసి తీయుటకు సందు లేదని గాని మాకు తోచలేదు. రెండవయేడు వానకాలము ముగియునప్పటికి ఆ గొట్టములో మసి పేరుకొని, పైన పిచ్చుక గూడు కట్టి, పొగ యంతయు పొయ్యి నోటనుండియే బయటికి వచ్చుట మొదలుపెట్టినది. ఇంటి పెద్దావిడ మూడుదినములు ఓర్చి, నాలుగవదినమున గొట్టము నూడదీయించి, మూడు రాళ్ళమీదికి పోయిరి. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. తెరచిన మూడు రాళ్ళ పొగ నలువైపుల పోవును. మూసికొనిపోయిన గొట్టపు పొయ్యి పొగ నేరుగా మొగము మీదికే వచ్చును.

కనుక ముందుగా ఇంటి పైకప్పును చూచుకొనవలెను. మట్టి మిద్దెయైనచో పాతకాలపు గవాక్షి యుండును. దాని క్రిందనే పొయ్యి పెట్టుకొని, గొట్టమును ఆ గవాక్షి గుండా పైకి తీసికొనిపోవుట సులభము. చుట్టును వాననీరు దిగకుండ సిమెంటు గట్టు కట్టించిన చాలును. రేకుల యింటికిని, సిమెంటు కప్పునకును రంధ్రము పొడిపించుటకు యజమానులు ఒప్పుకొనకపోవచ్చును. అట్టిచోట గొట్టమును గోడలోనుండి బయటికి తీసి, గోడ వెంబడి నిలువుగా ఎత్తించవలెను. గడ్డికప్పు గల పూరింటిలో కప్పు గుండా గొట్టము తీయరాదు. వేడెక్కిన గొట్టము ఎండుగడ్డిని తాకినయెడల జరుగునది వేరుగా చెప్పనక్కరలేదు. అచ్చట పొయ్యిని ఇంటికి దూరముగా, మూడువైపుల తెరచియున్న చిన్న రేకుల చావడిలో పెట్టుకొనుటయే మేలు.

గొట్టము 3, 4 అంగుళముల వ్యాసమునకు తగ్గరాదు. పైకొన కప్పునకు కనీసము రెండు మూడు అడుగులు మించి లేచియుండవలెను. లేకున్న గాలి కప్పుమీదుగా దిగి పొగను వెనుకకు నెట్టును. కొనపై టోపీయు, పక్షులు దూరకుండ ముతక జాలియు నుండవలెను. వంపు లెంత తక్కువైన అంత మంచిది. తప్పనిసరియైన వంపు వద్ద తీసి పెట్టుటకు వీలైన మూత పెట్టించుకొనుడు. ఈ మూత పెట్టుటకు పనివాడు విసుగుకొనును, విసుగుకొననిండు. పల్చని రేకు గొట్టము చౌక గాని త్వరలో త్రుప్పుపట్టును. పాత ఆస్బెస్టాసు సిమెంటు గొట్టమును రంపముతో కోయుట ప్రమాదము, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషము. కాల్చిన మట్టిగొట్టము, దళసరి ఇనుపగొట్టము చాలకాలము వచ్చును.

గొట్టము పని యెట్లు చేయునో తెలిసినచో పొయ్యి యెంపిక తేలికయగును. గొట్టములోని వేడిగాలి తేలికయై పైకెక్కుచు, పొయ్యి నోటనుండి క్రొత్తగాలిని లోనికి లాగుకొనును. గిన్నె చుట్టును పెద్ద సందున్నయెడల గాలి ఆ సందునుండియే దూరును; మంట బలహీనమై పొగ నోటివైపునకు తిరుగును. కాబట్టి పొయ్యి కన్ను మన గిన్నెకు సరిపోవలెను. మేస్త్రీని పిలిచినపుడు మన అన్నపు గిన్నెను, పప్పుకుండను, నీళ్ళకాగును వరుసగా ముందుంచి, "వీనికి కొలత తీసికొనుము" అని చెప్పవలెను. ఒకరి యింటి కొలతను మఱియొకరి యింటికి తెచ్చుటయే అనేక పొయ్యిల నాశనమునకు మూలము. రెండు కళ్ళ పొయ్యిలో మొదటి గిన్నెకు తగిలి మిగిలిన వేడియే రెండవదానికి చేరును. రెండవకంటిపై అన్నము ఉడుకలేదని పేచీ పెట్టరాదు. అది నీళ్ళు వెచ్చబడుటకును, కూర చల్లారకుండుటకును మాత్రమే. ఆ సంగతి తెలియక కోడలిని దెప్పిన అత్తగారిని మేమెరుగుదుము.

తరువాత చూచుకొనవలసినది కట్టె. మన ప్రాంతమున కందికట్టె, ప్రత్తికట్టె, సర్కారుతుమ్మ విస్తారము. పొలముగట్లను కమ్ముకొన్న ఈ సర్కారుతుమ్మను 1877లో కడపజిల్లా కమలాపురమున వంటచెరకు కొఱకే తెచ్చి నాటిరి. ఇప్పుడది వద్దన్నను వచ్చుచున్నది. దాని దుంగ నిదానముగా, గట్టిగా కాలును. నీళ్ళకాగునకు మిక్కిలి తగినది. కందికట్టె సన్నమై భగ్గున మండి ఆరిపోవును; దానికి నోరు చిన్నదై, లోపల నిలువు గొట్టము వలె నుండు పొయ్యి కావలెను. 1980 దశకమున అమెరికాలో లారీ వినియార్స్కీ రూపొందించిన రాకెట్ పొయ్యి అట్టిదే: అడ్డముగా పుల్లలు పెట్టుదుము, మంట నిలువుగా లేచి గిన్నెను తాకును. మిరపకట్టెను ఇంటిలోపల పొయ్యిలో పెట్టకుడు. ఆ ఘాటును పుల్లలచెరువు సోదరీమణులకు మేము వర్ణింప బనిలేదు. పురుగుమందు చల్లిన ప్రత్తికట్టె విషయమున కూడ జాగ్రత్త అవసరము. మంట రాజేయుటకు ప్లాస్టికు సంచి వాడుట ఇటీవల వచ్చిన చెడ్డ అలవాటు. దానిని ఇంటివారందరు కలిసి మాన్పవలెను. ఏ కట్టెయైనను బాగుగా ఎండవలెను. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. ఆ నీరు ఆవిరియగుటకే మొదటి వేడి యంతయు వ్యయమై, మిగిలినది పొగయగును. వేసవిలో చీల్చి, వాననీరు తగులని చోట పేర్చిన కట్టె, ఎంత ఖరీదైన పొయ్యికన్నను ఎక్కువ మేలు చేయును.

మార్కాపురము పలకరాయికి పేరుబడినది గదా యని పొయ్యి లోపలి గోడలకు ఆ రాతిని పరచుకొనరాదు. పొరలుపొరలుగా నుండు రాయి నేరుగా మంట తగిలిన చిట్లును. పొయ్యి ముందు నేలకు మాత్రము వాడుకొనవచ్చును. లోపలికి కాలిన ఇటుకయు, ఊక కలిపి పదునుచేసిన బంకమట్టియు చాలును.

అంగడిలో దొరకు ఇనుప పొయ్యిలను గూర్చి రెండు మాటలు. ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 13152 అను సంఖ్య పొయ్యిపై నున్నదేమో చూడుడు. ఆ ప్రమాణము ప్రకారము మామూలుగా గాలి పీల్చు పొయ్యి కట్టెలోని వేడిలో కనీసము నూటికి 25 వంతులు, చిన్న పంకా గలది 35 వంతులు గిన్నెకు చేర్చవలెను. మూడు రాళ్ళ పొయ్యి చేర్చునది సాధారణముగా పది, పదిహేను వంతులే. పంకా పొయ్యిలో పొగ చాల తక్కువ గాని, కట్టెను జానెడుకంటె చిన్న ముక్కలుగా కొట్టుకొనవలెను. పంకా చెడినచో బాగుచేయువాడు దగ్గరలో నుండవలెను. ఈ చేతిపొయ్యిలకు గొట్టము ఉండదు. కాబట్టి వీనిని తలుపు మూసిన వంటింట పెట్టరాదు. పెరటికిని, వసారాకును మాత్రమే.

ఇంతవరకు వంటను, నీళ్ళను గూర్చి చెప్పితిమి. గదిని వెచ్చచేయు నిప్పు మాట మఱియొకటి యున్నది. మనది వేడిసీమయే యైనను, ధనుర్మాసపు రాత్రులలో బాలింతరాలి గదిలో కుంపటి పెట్టుట అనేకుల యాచారము. తలుపు, కిటికీ బిగించి, మంచముక్రింద నిప్పుల కుంపటి నుంచి, సాంబ్రాణి వేసి, తల్లిని బిడ్డను అందులో నిదురింపనిత్తురు. ఎఱ్ఱని బొగ్గునుండి పొగ రాదు గనుక అపాయము లేదని నమ్మకము. అపాయమంతయు అక్కడనే యున్నది. పొగలేని బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురు ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె రెండువందల రెట్లు మించిన గట్టితనముతో దానిని పట్టుకొనును. మొదట తలనొప్పి, వికారము, మగత. బాలింత గనుక నీరసమనుకొందురు. నిద్రలో నున్నవారు మగతను గుర్తింపలేరు. పసికందు చెప్పనే లేదు.

గది వెచ్చబడవలెనన్న తలుపు తీసియుంచి, కుంపటిని కొంతసేపు పెట్టి, తల్లీబిడ్డలు నిదురింపక ముందే బయటికి తీసివేయవలెను. బిడ్డను తల్లి రొమ్ముకు హత్తించి పైన దుప్పటి కప్పినచో అంతకు మించిన వెచ్చదనము వేరొకటి లేదు. నేటి వైద్యులును దానినే విధింతురు. ఇంటిలో పెద్దలు పట్టుపట్టినచో వారితో వాదము పెట్టుకొనక, రాత్రి వారు నిద్రపోయిన పిమ్మట కుంపటిని వాకిటికి చేర్చుడు. ఎవరికైనను కుంపటి గదిలో తల తిరిగినయెడల తక్షణమే ఆరుబయటికి తెచ్చి ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇక పొయ్యి కట్టిన పిమ్మట చేయవలసినది. మట్టిపొయ్యిని నీడలో రెండు వారములు ఆరనిచ్చి, మొదటి దినములలో చిన్న మంటలే పెట్టవలెను. తొందరపడిన పగుళ్ళు వచ్చును. తరువాత గిన్నెలన్నియు కళ్ళపై నుంచి, పొయ్యి కొంచెము వేడెక్కిన పిదప, వెలిగించిన అగరువత్తిని నోటివద్ద పట్టుకొని చూడుడు. అగరువత్తి పొగ లోనికి పోయిన గొట్టము పనిచేయుచున్నది. బయటికి తిరిగినయెడల మేస్త్రీకి మిగిలిన కూలి ఇవ్వకముందే పిలిచి చూపుడు. ఈ పరీక్షనే నెలకొకమారు, అమావాస్యనాడు చేసికొనుట మాకు అలవాటైనది, దినము మరపురాదు. పొగ తడబడినచో మరునాడే మూత తీసి, కొబ్బరిపీచు కట్టిన పొడవాటి వెదురుకర్రతో మసి త్రోయవలెను. మిద్దె యెక్కు పని ఇంటి మగవారిది. పొయ్యి కట్టించునాడే ఆ పని యెవరిదో పేరుపెట్టి యొప్పించుకొనుడు. మా యింట మరిదిగారు ఒప్పుకొనిరి. మొన్న భోగికి ముందునాడు వారు తీసిన మసి చేటెడు వచ్చినది. దానిని చూచినంతనే మా పెద్దావిడ, మూడు రాళ్ళ మాట యెత్తక, గొట్టపు టోపీ సరిగా బిగించినారా లేదా యని రెండుమార్లు అడిగిరి.